స్లైడ్ రూల్ మీద గీతలు ఒకదిక్కు దూరం, ఇంకోదిక్కు ఇరుకు ఎందుకు?

హన్మకొండ_పోరడు:
అన్నలూ, మా పెద్దబాపుది స్లైడ్ రూల్ (కాలిక్యులేటర్లు రాకముందు నడిమి పట్టీ జరిపి లెక్కలు చేసే స్కేలు) దొరికింది, ఆయన వరంగల్ ఆర్ఈసీల చదివినప్పటిది, సన్ హెమ్మి అని కంపెనీ పేరు రాసున్నది. గుణకారం దాక నేర్సుకున్న గని డౌట్లున్నయి. సీ (జరిగే పట్టీ మీదిది), డీ (దాని కింద కదలనిది) స్కేళ్ల మీద 1 నుంచి 2 దాక మస్తు జాగ, 8 నుంచి 9 దాక చూస్తే ఇంతే, గట్లెందుకు? ఇరుకు దిక్కు వచ్చిన జవాబు నమ్మొచ్చా? ఇంకోటి, 4ను 5తోని గుణిద్దామంటే 5 బయటికి పోతాంది, దాని కింద స్కేలే లేదు. మురికి దేనితోని తుడవాలె?

కాజీపేట_జంక్షన్:
పేర్లు అంకెలయే గని అక్కడ కొలిచి గీసింది లాగ్‌లు తమ్మీ. లాగ్ అంటే 10కి ఎంత ఘాతం పెడితే ఆ అంకె వస్తదో అది. లాగ్ 2 అంటే 0.3010, స్కేలు 25 సెంటీమీటర్లుంటే 2 అనేది 7.5 కాడ పడ్తది. 1 నుంచి 2కు ఎంత దూరమో 2 నుంచి 4కు అంతే, 4 నుంచి 8కి గూడ అంతే, దారం పెట్టి కొలువు కావాల్నంటే. దూరానికి దూరం కలిపితే గుణకారం అయితది, గదే మతలబు. కుడి దిక్కు మాత్రం జర నమ్మకు, 9 కాడ మూడో అంకె అందాజే.

బై_నేనే:
ఫోన్ల కాలిక్యులేటర్ ఉండంగ ఈ లొల్లి ఎందుకు బై 😄

పాత_సివిల్:
కుడి దిక్కు నమ్మొద్దు అన్నదొక్కటి ఒప్పుకోను. చూపు పదోవంతు మిల్లీమీటరు తప్పిందనుకో, 25 సెంటీమీటర్ల స్కేలు మీద అది ఏడ తప్పినా దాదాపు వెయ్యికి ఒకటే తేడా, 1 కాడ అయినా 9 కాడ అయినా. లాగ్ స్కేలు గొప్పతనమే అది. 4ను 5తోని గుణించాల్నంటే సీ మీది ఎడమ 1 కాదు బిడ్డా, కుడి కొసను డీ మీది 4 మీద పెట్టు, సీ 5 కింద 2 కనిపిస్తది. అది 2నా, 20నా, 200నా రూల్ చెప్పదు, సున్నాలు, పాయింటు మన మనసులనే లెక్కేసుకోవాలె. అందుకే మాకు ఏ లెక్కకైనా జవాబు సుమారు ఎంత రావాల్నో ముందే తెలిసేది.

పైన ‘ఏ’ అని రాసున్న స్కేలు గూడ చూడు, అది వర్గాలకు, డీ మీద 3 కాడ కర్సర్ (జరిపే అద్దం మీది గీత) పెడితే ‘ఏ’ మీద 9. బావి వైశాల్యం కావాల్నంటే జరిగే పట్టీ మీద ‘ఏ’ను ఆనుకుని ఉన్న బీ స్కేలు 1ని ‘ఏ’ మీద 3.14 కిందికి తే, ఇగ సీ మీద వ్యాసార్థం కాడ కర్సర్ పెట్టి ‘ఏ’ మీద చదువుకుంట పో, ఎన్ని బావులైనా పట్టీ కదిపే పని లేదు. తడిబట్ట గట్టిగ పిండి తుడువు, సరిపోతది. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు తాకనియ్యకు, పైన ఉన్నది సెల్యులాయిడ్, కరుగుతది.

ఫోన్ తమ్మికి: 1972ల హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ వచ్చినప్పుడు 395 డాలర్లు, మాకెక్కడిది? చంద్రుని మీదికి 1969ల పోయిన ఆల్డ్రిన్ గూడ పికెట్ కంపెనీ స్లైడ్ రూల్ ఎంట తీస్కపోయిండు.

హన్మకొండ_పోరడు:
సార్, 3 మీటర్ల వ్యాసార్థం ఉన్న బావికి 28.3 వచ్చింది! కే అని ఇంకోటున్నది, అది ఘనాలకేనా?

పాత_సివిల్:
అవు, డీ మీద 2 పెడితే కే మీద 8.