హెలీన్ రిలీఫ్‌కి వెళ్తున్నాం: లైసెన్స్ ఉన్న పిస్టల్ వెంట తీసుకెళ్లాలా, ఇంట్లో పెట్టి వెళ్లాలా?

కేటీ_కుర్రాడు | అక్టోబర్ 3, 2024

అందరికీ నమస్తే. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. వచ్చే వారం మేం నలుగురం నార్త్ కరొలైనా వెళ్తున్నాం. హెలీన్ తుఫాను తర్వాత ఆష్‌విల్ చుట్టుపక్కల పరిస్థితి మీరందరూ చూసే ఉంటారు. కొండల్లో నదులు పొంగి ఇళ్లు కొట్టుకుపోయాయి, ఆష్‌విల్‌లో కుళాయి నీళ్లు లేవు, టెనెసీ వైపు ఐ-40 రోడ్డు పీజియన్ నది పక్కన కోసుకుపోయింది. అందుకని అట్లాంటా మీదుగా వెళ్దామనుకుంటున్నాం, దాదాపు వెయ్యి మైళ్లు. ఒక పికప్, ట్రైలర్, రెండు చైన్‌సాలు, ఒక జనరేటర్, మిగతా చోటంతా నీళ్ల కేసులు.

అడగాల్సింది ఇదీ. నాకు 2018 నుంచి టెక్సాస్ లైసెన్స్ టు క్యారీ (పిస్టల్ వెంట పెట్టుకునే లైసెన్స్) ఉంది. పిస్టల్ రోజూ నడుం దగ్గర, చొక్కా లోపలే ఉంటుంది, ఎవరికీ కనపడదు. మా ఆవిడ తీసుకెళ్లమంటోంది, ఫోన్ సిగ్నల్ లేనిచోట ఏమైనా అయితే ఎవరొస్తారని ఆమె భయం. నాన్నగారేమో ఒంగోలు నుంచి ఫోన్ చేసి "సాయానికి వెళ్తూ తుపాకీ ఏంట్రా" అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. మాలో ఇద్దరం సిటిజన్లం, ఒకరిది గ్రీన్ కార్డ్, ఒకరిది హెచ్-1బి వీసా. ఇలా వెళ్లొచ్చినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

బేయూ_బాబాయ్ | అక్టోబర్ 3

తమ్ముడూ, నేను 2017లో హార్వీ తుఫాను అప్పుడు రిలీఫ్ పని చేశాను, అదే చెప్తాను. ఆగస్టు 25 రాత్రి రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది, ఆ తర్వాత రోజుల తరబడి హ్యూస్టన్ మీదే కుమ్మరించింది. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల నుంచి నీళ్లు వదిలాక మా వైపు వీధుల్లో పడవలు తిరిగాయి. లూసియానా నుంచి కేజన్ నేవీ అనే వలంటీర్లు సొంత పడవలు లాక్కొచ్చారు, వాళ్లలో చాలామంది నడుముకి తుపాకీ ఉంది, అక్కడ అది ఎవరికీ వింత కాదు. నాది కూడా నా నడుముకే ఉంది.

మొదటి రోజు పడవలో పర్వాలేదు. నీళ్లు తీశాక ఇళ్లు ఖాళీ చేసే పని మొదలైంది చూడు, అప్పుడు తెలిసింది. తడిసిన షీట్‌రాక్ (గోడల బోర్డు) నాలుగడుగుల ఎత్తు దాకా కోసి తీయాలి, లోపలి ఇన్సులేషన్ బురద పట్టిన దూదిలా బరువుగా ఊడొస్తుంది, కార్పెట్ చుట్టి నలుగురు మోయాలి. ప్రతి నిమిషం వంగడమే. వంగినప్పుడల్లా పిడి పొత్తికడుపులో గుచ్చుకునేది, చేతులెత్తితే చొక్కా పైకి లేచేది. నా ధ్యాస సగం పని మీద, సగం చొక్కా మీద. రాత్రి ఇంటికొచ్చి పిస్టల్ విప్పి చూస్తే స్లైడ్ గాడిలో సన్నటి బూడిదరంగు మట్టి, మ్యాగజైన్‌లో పైనున్న రెండు గుళ్ల మీద తడి. అవసరం పడితే అది పేలేదో లేదో కూడా చెప్పలేను.

ఇంకొకటి. రెండో రోజు ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేశాం. ఆవిడ భర్త ఫోటోల ఆల్బమ్ ఒకటి పై అరలో తడవకుండా మిగిలింది, తెచ్చి చేతిలో పెట్టాను. ఏడుస్తూ నన్ను గట్టిగా పట్టుకుంది. ఆవిడ మోచేయి నా నడుముకి తగిలింది. అంతే, పట్టు సడలింది, ఒక అడుగు వెనక్కి వేసింది. టెక్సాస్ మనిషే, తుపాకులు తెలియని మనిషి కాదు, ఏమీ అనలేదు కూడా. మూడో రోజు నుంచి నేను పెట్టుకోలేదు. చట్టం ఏమంటుందో మిగతావాళ్లు చెప్తారు, నేను చూసింది ఇదీ.

లా_పాయింట్_రావు | అక్టోబర్ 4

నేను లాయర్‌ని కాదు, కానీ ఇరవై ఏళ్లుగా లైసెన్స్ ఉన్నవాణ్ణి, చట్టం చదవకుండా గుమ్మం దాటను.

కేటీ తమ్ముడికి లైసెన్స్ ఉంది కాబట్టి మంచిదే. ఇది చదివే టెక్సాస్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2021 సెప్టెంబర్ 1 నుంచి మన దగ్గర 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డు లేనివాళ్లకి లైసెన్స్ లేకుండానే పెట్టుకోవచ్చని వచ్చింది కదా అని చాలామంది లైసెన్స్ తీసుకోవడమే మానేశారు. దారిలో ఉన్న లూసియానా, అలబామా, జార్జియా లాంటి చోట్ల కూడా అదే పద్ధతి వచ్చింది. నార్త్ కరొలైనాలో రాలేదు. అక్కడ దాచి పెట్టుకోవాలంటే పర్మిట్ ఉండాల్సిందే, వేరే రాష్ట్రం లైసెన్స్ చెల్లుతుంది, కానీ చేతిలో కార్డు ఉండాలి. పోలీసు దగ్గరికొచ్చి మాట్లాడితే "నా దగ్గర పర్మిట్ ఉంది, ఆయుధం ఉంది" అని వాళ్లు అడక్కముందే చెప్పాలి. ఒంట్లో మందు చుక్క ఉన్నా పెట్టుకోకూడదు. సాయంత్రం పని అయ్యాక ఒక బీరు అనుకునేవాళ్లకి ఇది ముఖ్యం.

తుఫాను కోసమే చేసిన చట్టాలు కూడా ఉన్నాయి. హార్వీ తర్వాత టెక్సాస్‌లో 2019లో ఒకటి వచ్చింది, విపత్తు ప్రకటించాక ఊరు ఖాళీ చేసి వెళ్లేవాళ్లు లైసెన్స్ లేకపోయినా 168 గంటల వరకు పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. ఫ్లోరిడాలో 2015 నుంచి ఇలాంటిదే 48 గంటలకి ఉంది. కానీ సరిగ్గా చదవండి, ఇవి ఇల్లు వదిలి వెళ్లేవాళ్ల కోసం. మనం ఎదురు వెళ్లేవాళ్లం, వలంటీర్లకి ఇవి వర్తిస్తాయని అనుకోవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, మీతో వచ్చే హెచ్-1బి స్నేహితుడు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటాలు గానీ ఉండకూడదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. 15 ఏళ్ల వరకు జైలు పడే నేరం, వీసా సంగతి చెప్పనక్కర్లేదు. "ఒక్క నిమిషం పట్టుకో, ట్యాంకులో పెట్రోల్ పోసి వస్తా" అన్నంత మాత్రాన కూడా చిక్కే. నీ పిస్టల్ సీటు కింద వదిలేసి నువ్వు దిగిపోతే, బండిలో అతనొక్కడే ఉంటే, అది ఎవరి దగ్గరున్నట్టు?

నల్గొండ_నవీన్ | అక్టోబర్ 4

రావు గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. హార్వీ అప్పుడు నేను హెచ్-1బి మీదే ఉన్నా. ఒక ఇంట్లో బెడ్‌రూమ్ క్లోజెట్ ఖాళీ చేస్తున్నాం, నీళ్లలో నానిన షూ బాక్సులు ఒక్కొక్కటీ చెత్త సంచిలో వేస్తున్నా. ఒకటి బరువుగా ఉంది. అడుగు ఊడిపోయి రివాల్వర్ నా బూటు పక్కన పడింది. అప్పటికే తుప్పు మొదలైంది, గుళ్లు లోపలే ఉన్నాయి. చెయ్యి దానంతటదే వంగబోయింది, కింద పడిన వస్తువు ఎవరైనా తీస్తారు కదా. మా టీమ్ లీడర్ "ఆగు" అని గట్టిగా అరిచాడు. అందర్నీ గదిలోంచి బయటికి పంపి ఇంటాయన్ని పిలిచాడు, ఆయనే వచ్చి తీసుకున్నాడు.

చెత్తకుప్పలో పడి ఉంటే ఏ పిల్లాడి చేతికి వెళ్లేదో అని తర్వాత చాలా రోజులు ఆలోచించా. దయచేసి ఇల్లు మొదలుపెట్టే ముందే యజమానిని అడగండి, "ఇంట్లో తుపాకులు ఎక్కడున్నాయి, మీరే ముందు తీసేయండి" అని. అమెరికాలో ఈ ప్రశ్న ఎవరూ తప్పుగా అనుకోరు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ముట్టుకోవద్దు, అంతే.

విశాఖ_అక్క | అక్టోబర్ 5

నేను షెల్టర్లలో పనిచేశాను. హార్వీ అప్పుడు డౌన్‌టౌన్‌లో జార్జ్ ఆర్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో ఒక దశలో పదివేల మంది దాకా ఉన్నారు. మంచం పక్కన మంచం, మధ్యలో పిల్లలు పాకుతూ ఉంటారు. మనం నేల మీద కూర్చుని డైపర్ మార్చాలి, ముసలివాళ్లని లేపి కూర్చోబెట్టాలి, నిద్ర లేక వాళ్లూ మనమూ చికాకుగా ఉంటాం. అక్కడ నడుముకి తుపాకీ పెట్టుకుని ఎలా పనిచేస్తారో నాకు అర్థం కాదు. రెడ్ క్రాస్ షెల్టర్లలో ఆయుధాలు అసలు రానివ్వరు, లైసెన్స్ ఉన్నా సరే. చాలా షెల్టర్లు స్కూళ్లలో పెడతారు, స్కూల్లోకి తీసుకెళ్లడం అసలే చిక్కు.

"కార్లో వదిలేస్తాలే" అంటారు. ఏ కారు? వారం రోజులు కరెంటు లేని వీధిలో పెట్టిన కారు. దొంగలు ముందు చూసేది కార్లే. వదిలితే సీటు కడ్డీకి కేబుల్‌తో కట్టిన లాక్ బాక్సులో వదలండి, గ్లవ్ బాక్సులో కాదు.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలోనే ఉన్నాను, అక్టోబర్ 12. ఊళ్లో చెట్టన్నది నిలబడలేదు. పది రోజులు పాల ప్యాకెట్లు, నీళ్ల డబ్బాలు మోశాం, చీకట్లో కూడా తిరిగాం, తుపాకీ అనే ఆలోచనే ఎవరికీ రాలేదు. అక్కడికీ ఇక్కడికీ పోలిక లేదని నాకూ తెలుసు. ఇక్కడ చాలా ఇళ్లలో తుపాకీ ఉంటుంది అన్న భయం నిజమైనదే. కానీ ఆ భయంతో వెళ్తే ఎదుటి మనిషి కూడా మనకి ప్రమాదంలాగే కనిపిస్తాడు, ఇది నేను వలంటీర్లలో కళ్లారా చూశాను.

టాంపా_శ్రీను | అక్టోబర్ 6

అక్కా, మీ మాటని గౌరవిస్తాను, కానీ నేను పెట్టుకుంటాను, ఎందుకో చెప్తా. 2022లో ఇయాన్ తుఫాను తర్వాత ఫోర్ట్ మైర్స్ వైపు సామాను తీసుకెళ్లాం. రాత్రి ట్రైలర్ పక్కనే పడుకున్నాం, అందులో మూడు జనరేటర్లు, పెట్రోల్ క్యాన్లు. రాత్రి రెండు గంటలకి ఒక బండి లైట్లు ఆర్పేసి మెల్లగా వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు, ఒకడి చేతిలో బోల్ట్ కట్టర్. ఫోన్ కలవలేదు. నేను పిస్టల్ తీయలేదు, చెయ్యి కూడా వేయలేదు. పెద్ద టార్చ్ వాళ్ల మీద వేసి "ఏం కావాలన్నా" అని గట్టిగా అడిగాను, మా వాళ్లు ముగ్గురూ లేచారు, వాళ్లు వెళ్లిపోయారు. పని చేసింది టార్చే, ఒప్పుకుంటాను. కానీ నా గొంతు వణక్కుండా ఉండటానికి నడుముకి ఉన్నది కారణం. అది లేకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

కత్రినా తుఫాను సంగతి కూడా మర్చిపోవద్దు. 2005లో న్యూ ఆర్లీన్స్‌లో పోలీసులే మామూలు జనం దగ్గర చట్టబద్ధంగా ఉన్న తుపాకులు లాక్కున్నారు, సరిగ్గా రక్షణ లేని సమయంలో. అలా చేయకూడదని 2006లో కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ జనానికి ఇది అంత సున్నితం.

ఇప్పుడు మిల్టన్ తుఫాను మా మీదికే వస్తోంది. కిటికీలకి ప్లైవుడ్ కొట్టుకుంటున్నాను, మళ్లీ రాస్తా.

బేయూ_బాబాయ్ | అక్టోబర్ 6

శ్రీనూ, ముందు మీరు జాగ్రత్త. ఖాళీ చేయమంటే చేసేయండి, ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు.

డాలస్_ప్రసాద్ | అక్టోబర్ 7

ఎవరూ అనని మాట ఒకటి అంటాను, కోపం తెచ్చుకోవద్దు. మన రంగు. ఫిలాండో కాస్టీల్ అని ఒక నల్లజాతి మనిషి, మినెసోటాలో 2016లో. ఆయనకి పర్మిట్ ఉంది, పోలీసుకి మర్యాదగా తన దగ్గర ఆయుధం ఉందని చెప్పాడు, కొన్ని సెకన్లలో కాల్చేశారు. కత్రినా తర్వాత న్యూ ఆర్లీన్స్‌లోని ఆల్జియర్స్ పాయింట్‌లో కాలనీ కాపలా పేరుతో తుపాకులు పట్టుకున్నవాళ్లు ఆ దారిన వెళ్తున్న నల్లవాళ్లని కాల్చారు. ఊరు కాని ఊరు, కరెంటు లేదు, అందరూ భయంలో ఉన్నారు, అక్కడ మన నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఏదో కనిపిస్తే ఎవరు ఏమనుకుంటారో ఆలోచించండి. నాకూ లైసెన్స్ ఉంది. నేను ఊళ్లో పెట్టుకుంటాను, రిలీఫ్‌లో పెట్టుకోను. దాని బదులు టీమ్‌కంతా మెరిసే పసుపు వెస్టులు, బండి మీద పెద్ద అక్షరాలతో ఏ సంస్థ తరఫున వచ్చామో బోర్డు. ఎవరి గుమ్మం ఎక్కేముందైనా వీధిలో నిలబడే పిలుస్తాం.

లా_పాయింట్_రావు | అక్టోబర్ 15

వార్త చూశారా? శనివారం నార్త్ కరొలైనాలో లేక్ లూర్ వైపు ఫీమా (ఫెడరల్ విపత్తు సాయ సంస్థ) సిబ్బందికి హాని చేస్తానన్నాడని ఒకతన్ని పట్టుకున్నారు, అతని దగ్గర రైఫిల్, పిస్టల్ ఉన్నాయి. మొదట లారీ నిండా సాయుధులు వస్తున్నారని పుకారు, చివరికి ఒక్కడే. కానీ ఆ పుకారుకే ఫీమా కొన్నిచోట్ల ఇంటింటికీ తిరగడం ఆపింది. తమ్ముడూ, బయల్దేరారా? ఇప్పుడు అక్కడ తుపాకీ ఉన్న కొత్త మనిషిని షెరిఫ్ మనుషులు ఎలా చూస్తారో గుర్తుపెట్టుకో.

కేటీ_కుర్రాడు | అక్టోబర్ 29

వెళ్లొచ్చాం, ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. శ్రీను అన్నా, మిల్టన్ తర్వాత ఎలా ఉన్నారో ఒక్క మాట రాయండి.

పిస్టల్ ఇంట్లో సేఫ్‌లోనే పెట్టి వెళ్లాను. నిజం చెప్పాలంటే నన్ను ఆపింది పెద్ద ఆలోచనేమీ కాదు, రావు గారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న. నలుగురం ఒకే బండి, ఒకే టెంట్, నా స్నేహితుడి పదకొండేళ్ల అమెరికా జీవితాన్ని సీటు కింద పెట్టి తిరగలేను. మా ఆవిడకి అదే చెప్తే ఒప్పుకుంది. శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం ఒకటి కొనిచ్చింది, రోజూ రాత్రి తొమ్మిదికి "బాగున్నాం" అని పంపాలని షరతు.

ఆష్‌విల్ పక్కన స్వానానోవా దగ్గర ఒక చర్చి వాళ్ల జాబితా ప్రకారం ఇళ్లకి వెళ్లాం. మూడో రోజు కొండ వాలులో ఒక ఇల్లు, దారికి అడ్డంగా రెండు పెద్ద చెట్లు. ప్రసాద్ గారు చెప్పినట్టే కిందే ఆగి పిలిచాం. వరండాలో ఒక పెద్దాయన షాట్‌గన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా గుండె ఆగినంత పనైంది, చెయ్యి అలవాటుకొద్దీ నడుము మీదకి వెళ్లింది, అక్కడేం లేదు. ఆయన నా చేతినే చూస్తున్నాడని అప్పుడు గమనించాను. రెండు చేతులూ పైకెత్తి, నీళ్లు తెచ్చాం, చెట్లు కోస్తాం, చర్చి వాళ్లు పంపారు అని అరిచాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత లేచి తుపాకీ తలుపు లోపల పెట్టి వచ్చాడు. ఆ రోజు నా నడుముకి ఏదైనా ఉండి ఉంటే, చెయ్యి దాని మీద పడి ఉంటే... ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నిద్ర పట్టదు.

చెట్లు కోయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆయన భార్య ఇన్సులిన్ ఐస్ బాక్సులో ఉంది, ఐస్ కరిగిపోయి రెండు రోజులైందట. మా జనరేటర్ అక్కడే వదిలేసి వచ్చాం, ఫ్రిజ్ నడిచేలా పెట్టి.

నవంబర్ మూడో వారంలో మళ్లీ వెళ్తున్నాం. అక్కడ పొద్దున్న చలి బాగా ఉంది, దుప్పట్లు, ప్రొపేన్ హీటర్లు కావాలి, కొత్త జనరేటర్ కూడా కావాలి. బండిలో ఒక సీటు ఖాళీగా ఉంది. బాబాయ్, మీరొస్తారా?

బేయూ_బాబాయ్ | అక్టోబర్ 29

వస్తాను. నా చైన్‌సాకి కొత్త గొలుసు వేయించాలి, శనివారం కేటీ వచ్చి కలుస్తా.