పెరట్లో కట్టెల ఆవం: ఇటుకల లెక్క, వాకిళ్ళు, కట్టె, మంట

కందుకూరు మట్టి:
పూలకుండీలు, మూకుళ్ళు, ప్రమిదలు కాల్చుకోవడానికి పెరట్లో కట్టెల ఆవం కట్టాలి. లోపల 30 అంగుళాల గుండ్రం, కింద మంట గది 15 అంగుళాల ఎత్తు, పైన కుండలు పేర్చే గది 30 అంగుళాలు అనుకుంటున్నాను. గ్లేజు (గాజులాంటి పూత) లేదు, 850 డిగ్రీలు వస్తే చాలు. ఇటుకలు ఎన్ని కావాలి, కుండలు నిలిచే నేల దేనితో వేయాలి, మంట వాకిలి ఒకటా రెండా, మన వైపు కట్టెల్లో ఏది మేలు? కొలతలతో చెప్పండి.

గుండ్లకమ్మ:
కొలతలు బాగున్నాయి, ఇంకా పెంచబాకండి. 12 ఘనపుటడుగుల గది అంటే ఇద్దరు మనుషులు ఒక రోజులో నడపగలిగిన ఆవం.

9 × 4½ × 3 అంగుళాల బట్టీ ఇటుకను మొన లోపలికి ఉండేట్టు పెట్టండి. గోడ 9 అంగుళాల మందం వస్తుంది. లోపలి చుట్టుకొలత 94 అంగుళాలు కాబట్టి వరసకు 20, 21 ఇటుకలు పడతాయి. మట్టి కీలుతో (ఇటుకల మధ్య వేసే మట్టి అతుకుతో) కలిపి వరస మూడున్నర అంగుళాలు, 13 వరసలకు మీ ఎత్తు వచ్చేస్తుంది. అడుగు పీఠానికి 70 దాకా, వాకిళ్ళ ముందు గోడలకు 40 దాకా పోతాయి. విరుగుడుతో కలిపి 450 తెప్పించండి. ఇటుకల మధ్య బయటి వైపు రెండున్నర అంగుళాల పైనే సందు విచ్చుకుంటుంది. దాంట్లో ఇటుక ముక్కలూ మట్టీ గట్టిగా కూరాలి. అక్కడ బోలుగా వదిలితే మంట ఆ సందుల్లోంచే బయటికి నాలుక చాస్తుంది.

బూడిద ఇటుక, సిమెంటు ఇటుక వద్దే వద్దు. వాటిని పట్టి ఉంచేదే సిమెంటు. అది 400, 500 డిగ్రీలు దాటితే సత్తువ పోయి పిండిలా రాలుతుంది. కీలుకు కూడా సిమెంటు వాడబాకండి. ఒక తట్ట బంకమట్టి, రెండు తట్టల ఇసుక, గుప్పెడు ఊక చాలు. కందుకూరు, టంగుటూరు వైపు పాత పొగాకు బ్యారన్లు (ఆకు ఆరబెట్టే గదులు) పడగొట్టినప్పుడు ఇటుక చవగ్గా వస్తుంది. మట్టితో కట్టిన బ్యారనైతే తీసుకోండి. సిమెంటు అంటుకున్నదైతే గీకే కూలీకే ఆ ఆదా అయిపోతుంది.

పీఠం నేల మీద నుంచి 9 అంగుళాలు లేవాలి: కింద ఇటుక కంకర, పైన పొడి ఇసుక, దాని మీద ఒక వరస ఇటుక. డెల్టా పొలాల పక్కన నేలలో తడి పైపైనే ఉంటుంది. పీఠం లేకపోతే మొదటి గంటల వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది.

వెంకటగిరి అక్క:
నడిమి నేలకు ఇనుప కడ్డీలు వేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. 12 ఎం.ఎం. కడ్డీ ఎర్రగా కాలాక కుండల బరువుకు ఉయ్యాలలా వంగిపోతుంది, పొలుసులు రాలి సన్నబడుతుంది కూడా. కడప బండ, మార్కాపురం పలక, గ్రానైటు ముక్క, ఏదీ పనికిరాదు. బండ, పలక పొరలు పొరలుగా చిట్లుతాయి. గ్రానైటులోని స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, రాయి పగులుతుంది. పైన ఉన్న కుండలన్నీ మంట గదిలో పడతాయి.

ఇటుకతోనే వేయొచ్చు. మంట గది మధ్యలో 9 × 9 స్తంభం, వరసకు రెండేసి ఇటుకలు, మూడు వరసలు. నాలుగో వరసలో నాలుగు ఇటుకలు ఒకదాని మొన ఇంకోదాని పక్కకు ఆనేట్టు చుట్టూ తిప్పి పెడితే పైభాగం పదమూడున్నర అంగుళాల చదరమవుతుంది. గోడలో కూడా నాలుగో వరసను రెండంగుళాలు లోపలికి జరపాలి. ఇక 12 ఇటుకలను సన్న పక్క మీద నిలబెట్టి ఒక కొస స్తంభం మీద, ఇంకో కొస గోడ అంచు మీద ఆనించండి. స్తంభం దగ్గర ఇటుకలు దాదాపు కలుస్తాయి, గోడ దగ్గర మూడు నాలుగు అంగుళాల సందు ఉంటుంది. మంట పైకెక్కే దారి మొత్తం 170 చదరపు అంగుళాలు, అంటే గది అడుగులో నాలుగో వంతుకు కొంచెం తక్కువ. చిన్న ప్రమిదలు జారకుండా అక్కడక్కడా పెంకు ముక్క అడ్డం పెట్టుకోవచ్చు, సందంతా మూసేయకూడదు.

పొదిలి 11:
వాకిలి ఒకటే పెట్టుకోండి అన్నా. రెండు పెడితే ఇద్దరు మనుషులు కావాలి, కట్టె రెండింతలు అవుతుంది.

వెంకటగిరి అక్క:
స్తంభం లేని ఆవానికి ఆ మాట సరే. నడిమిలో స్తంభం ఉన్నప్పుడు ఒక్క వాకిలి పెడితే మంట దాన్ని కొట్టుకుని ముందు వైపే పైకి లేస్తుంది. వెనక సగం కుండలు పచ్చిగా, గిల్లితే రాలేట్టు మిగులుతాయి. వాటిని మళ్ళీ కాల్చాల్సిందే కాబట్టి కట్టె ఆదా ఏమీ ఉండదు. ఎదురెదురుగా రెండు వాకిళ్ళు, 9 అంగుళాల వెడల్పు, మూడు వరసల ఎత్తు. మూడో వరసలో రెండు వైపులా రెండేసి అంగుళాలు ఇటుక లోపలికి జరిపితే 5 అంగుళాల సందు మిగులుతుంది, దాని మీద మామూలు ఇటుకే దూలంగా సరిపోతుంది. వాకిలి ముందు 18 అంగుళాల పొడవున రెండు పక్కలా గోడ కట్టండి. మొదటి మంట అక్కడే వేయాలి.

మీ పెరట్లో గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వస్తుందో చూసి వాకిళ్ళను దానికి అడ్డంగా పెట్టండి. గాలి నేరుగా ఒక వాకిట్లోకి కొడితే రెండో వాకిలి నుంచి మంట మనిషి మీదికి వస్తుంది.

సారె:
ఆవం ఎంత బాగా కట్టినా మట్టి సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. నల్లరేగడి ఒక్కటే వాడితే ఎండడంలోనే పగులుతుంది. చెరువు ఒండ్రు తీసుకుని, నానబెట్టి, సన్న జల్లెడలో వడకట్టండి. 10 సెంటీమీటర్ల గీత గీసిన మట్టి పట్టీని నీడలో ఎండబెట్టి మళ్ళీ కొలవండి. 9.2 దాకా తగ్గితే ఫర్వాలేదు. 9కి దిగితే సన్న ఇసుక పదిలో ఒక వంతు కలిపి మళ్ళీ చూడండి.

ఆ ఇసుక పెన్నదో, మన్నేరుదో కావాలి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఇసుకను ముట్టుకోవద్దు. దాంట్లో గుల్లల పొడి ఉంటుంది. అది కాలి సున్నమవుతుంది, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. కుండ ఆవంలోంచి చక్కగా వస్తుంది, వారం తిరగకముందే పైన బిళ్ళలు బిళ్ళలుగా ఎగిరి గుంట నడుమ తెల్లచుక్క కనిపిస్తుంది. మట్టిలో సున్నం ఉందో లేదో తెలియాలంటే ఎండిన మట్టి మీద నిమ్మరసం పిండండి, బుసబుసమంటే ఉన్నట్టే. ఆ మట్టితో అప్పటికే చేసేసి ఉంటే, ఆవం తీసిన వెంటనే కుండలను నీళ్ళలో పూర్తిగా ముంచి నాననివ్వండి. చాలావరకు బతుకుతాయి. ఉప్పు నేలల మట్టికి కాలాక తెల్లటి పూత వస్తుంది. అది కుండ బలానికి పెద్దగా అడ్డు కాదు, ఎరుపు రంగు మాత్రం పోతుంది.

గుండ్లకమ్మ:
ఇక మంట సంగతి. ఆవం కట్టాక పది పదిహేను రోజులు ఆరనిచ్చి, ఖాళీ ఆవంలో చిన్న మంట ఒక పూట వేయండి. గోడ చీలుతుంది, చీలనివ్వండి. ఆ చీలికల్లో మట్టి మెత్తి, చుట్టూ మూడు చోట్ల ఇనుప తీగ బిగించి, బయట ఊక, పేడ కలిపిన మట్టి రెండంగుళాల మందం పూయండి.

కుండలు పేర్చేటప్పుడు బరువైనవి కింద, బోర్లించి. పచ్చి కుండలు ఒకదానికొకటి తగిలినా నష్టం లేదు, కానీ గోడకూ కుండకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. పైన చిల్లపెంకులు రెండు పొరలుగా కప్పండి, నడిమిలో కన్నా అంచుల దగ్గర సందులు ఎక్కువ వదలండి. మంట సహజంగా నడిమికే పోతుంది, దాన్ని అంచులకు లాగడానికి ఇదొక్కటే ఉపాయం.

మొదటి నాలుగు గంటలు మంట వాకిలి బయటే. లోపలికి వేడి గాలి, పొగ మాత్రమే పోవాలి. తొందరపడితే మందంగా చేసిన కుండలు లోపలి నీరు ఆవిరై ఢామ్మని పేలతాయి. చల్లటి స్టీలు పళ్ళెం పై పెంకుల మీద రెండు క్షణాలు పట్టి చూడండి. చెమట పట్టినంతసేపూ మంట పెంచకూడదు. పళ్ళెం పొడిగా వచ్చాక మంటను నెమ్మదిగా లోపలికి జరపండి. తర్వాతి రెండు మూడు గంటల్లో 600కి చేరాలి, ఇక్కడా పరుగు వద్దు. 450 నుంచి 600 దాకా మట్టిలో కలిసిపోయి ఉన్న నీరు పోతుంది, మధ్యలో 573 దాటాలి, గ్రానైటులో చెప్పిన ఆ స్ఫటికం మట్టిలోనూ ఉంటుంది. కుండలన్నీ మసితో నల్లగా ఉంటాయి. ఆ మసి తనంతట తాను కాలి మట్టి రంగు బయటపడితే 650 దాటినట్టు. అక్కడి నుంచి ఎంత కావాలంటే అంత మంట పెట్టొచ్చు.

కట్టె 200 కిలోలు పోగేసుకోండి. కొత్త ఆవం గోడల తడి వల్ల మొదటిసారి ఇంకా ఎక్కువే అడుగుతుంది.

కావలి కట్టె:
200 కిలోలూ చిల్లకంపే (సర్కారు తుమ్మ) వేస్తే 650, 700 దగ్గర ఆగిపోతుంది చూడండి. ఈ ఆవాల్లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది అదే, కారణం కట్టె తక్కువ కావడం కాదు. చిల్లకంప గట్టి కట్టె, నిప్పులు ఎక్కువ కడుతుంది, అవి తొందరగా ఆరవు. మంట గదిలో నిప్పులు సగానికి పేరుకున్నాక గాలికి దారి ఉండదు. కొత్త కట్టె పొగవుతుంది గానీ మంటవదు. జనం ఇంకా కట్టె కుక్కుతారు, ఇంకా చల్లబడుతుంది.

చిల్లకంపను వెచ్చబెట్టడానికీ 600 దాకా ఎక్కించడానికీ వాడండి. తర్వాత అంతా సన్నగా, పొడిగా ఉండాలి: బొటనవేలంత చీల్చిన సుబాబుల్, సరుగుడు కొమ్మలు, ఎండిన తాటి మట్టలు, కొబ్బరి మట్టలు. గుప్పెడు వేయండి, పైన నల్లటి పొగ వస్తుంది, పెంకుల సందుల్లో మంట కనిపిస్తుంది. పొగ తెల్లబడి పలచబడగానే ఎదురు వాకిట్లో గుప్పెడు. ఆ వంతు తప్పకూడదు. వాకిట్లో కట్టె రెండు ఇటుకల మీద ఆని ఉంటే కింద నుంచి గాలి లోపలికి పోతుంది. నిప్పులు ఆ ఇటుకల ఎత్తుకు వస్తే పొడుగాటి పారతో బయటికి లాగేయండి.

కందుకూరు మట్టి:
వేడి ఎంతో తెలిసేదెట్ట? మా దగ్గర బ్యారన్ థర్మామీటర్ ఉంది.

కావలి కట్టె:
అది పొగాకు ఆరబెట్టే వేడికే, ఇక్కడ పగిలిపోతుంది. కె టైపు థర్మోకపుల్ (ఎక్కువ వేడి కొలిచే లోహపు తీగల జత) తీసుకోండి, కానీ దారం తొడుగున్న సన్న తీగది కాదు. ఆ తొడుగు 400 దాటితే కాలిపోతుంది. స్టీలు లేదా పింగాణి గొట్టంలో ఉన్నది కొని, గోడలో సగం ఎత్తున, మూడంగుళాలు లోపలికి చొచ్చేట్టు పెట్టండి. లేకపోయినా చీకటి పడ్డాక కన్ను చెబుతుంది: అస్పష్టంగా ఎరుపు కనిపిస్తే 600 చుట్టుపక్కల, నిండు ఎరుపైతే 800, నారింజ వైపు తిరుగుతుంటే 900 దాటుతున్నట్టు. మీకు నిండు ఎరుపు కాస్త తేలికపడ్డాక అరగంట నిలిపి ఆపేయండి.

సారె:
ఆపాక మంట పూర్తిగా ఆరిందని చూసుకుని రెండు వాకిళ్ళూ ఇటుకలతో, మట్టితో మూసేయాలి. పైన కూడా పెంకుల సందుల మీద బూడిద చల్లండి. ఒక రాత్రి, ఒక పగలు ముట్టుకోకండి. దిగేటప్పుడు కూడా 573 దాటాలి కదా, అప్పుడు చల్లగాలి తగిలితే మూకుడు అంచు నుంచి అడుగు దాకా సన్నటి గీతలా చీలుతుంది. తట్టి చూస్తే మొద్దు శబ్దం వస్తుంది. పై పెంకు చేత్తో పట్టుకోగలిగినప్పుడే తీయాలి.

కందుకూరు మట్టి:
పైన సిమెంటు రేకుల పంచ ఉంది, ఎత్తు 8 అడుగులు. దాని కిందే కట్టొచ్చా?

గుండ్లకమ్మ:
వద్దు. చివరి గంటలో మంట పెంకుల మీద రెండు మూడు అడుగులు లేస్తుంది. సిమెంటు రేకు వేడికి పేలి ముక్కలు కింద ఉన్నవాళ్ళ మీద పడతాయి. పంచ బయట కట్టండి, గడ్డివాముకూ తాటాకు కప్పుకూ కనీసం 30 అడుగుల దూరంలో. రెండు డ్రమ్ముల నీళ్ళు, ఒక ఇసుక కుప్ప పక్కనే ఉండాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి అప్పటికి జింకు రేకు ఒకటి ఆవం మీద వాలుగా కప్పి, మీద రాళ్ళు పెట్టండి. సంక్రాంతి తర్వాత మొదటి కాల్పుకు ముందు మళ్ళీ ఒక పూట ఖాళీ ఆవాన్ని వెచ్చబెట్టాలి.