మహానటి నుంచి మాయాబజార్‌కి వెళ్ళాను, ఇప్పుడు ఎటు?

రెండోఆట:
పోయిన శనివారం సావిత్రి జీవితకథ మహానటి మళ్ళీ పెట్టుకున్నాను. 2018లో చూసినప్పుడు కీర్తి సురేష్ బాగా చేసిందనుకుని ఊరుకున్నా. ఈసారి మాయాబజార్ పెళ్ళి పాటను మళ్ళీ తీసిన చోట ఆగిపోయి, అసలుది చూద్దామని ఆదివారం 1957 నాటి సినిమా వేశాను. చిన్నప్పుడు టీవీలో ముక్కలుముక్కలుగా చూడటమే తప్ప మొదట్నుంచి చివరిదాకా కూర్చోవడం ఇదే.

ఘటోత్కచుడు (ఎస్వీ రంగారావు) శశిరేఖ రూపంలో ఉంటాడు కదా. సావిత్రి ఓ క్షణం సిగ్గుపడుతుంది, మరుక్షణం మగరాయుడి ఠీవి వచ్చేస్తుంది, అంతలోనే మళ్ళీ పెళ్ళికూతురు. చీర అదే, మేకప్ అదే. సుశీల గొంతు మధ్యలోకి ఘంటసాల గొంతు దూరితే ఆ మొహం దానికీ సరిపోతోంది! నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. కీర్తికి జాతీయ అవార్డు ఊరికే రాలేదు, ఒప్పుకుంటా. కానీ ఆమె సావిత్రిని చూసి చేసింది. సావిత్రి ఎస్వీ రంగారావుని మనసులో పెట్టుకుని చేసింది. రెండూ ఒకటి కాదు.

అన్నట్టు, పడుకోబోతుంటే తట్టింది: ఇంత భారతం నడిచింది, పాండవులు ఒక్కరూ కనబడలేదే!

ఇలా ఒకదాని వెంట ఒకటి చూడదగ్గవి చెప్పండి. పాతదైనా కొత్తదైనా సరే.

పాతరీలు:
చూసింది నలుపు తెలుపేనా? 2010లో రంగులద్ది విడుదల చేసింది కూడా ఉంది. నాకైతే కెమెరామన్ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల నలుపు తెలుపులోనే వెన్నెలలా ఉంటుంది.

సావిత్రి దగ్గరే ఆగండి, మిస్సమ్మ (1955) చూడండి. అందులో నాయిక మేరీ వేషం ముందు భానుమతిది. ఆవిడ తప్పుకున్నాక, రెండో నాయికగా అనుకున్న సావిత్రిని మేరీని చేశారు, ఆమె వేషం జమునకు వెళ్ళింది. పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడటం కథ. కాలి మీది పుట్టుమచ్చ మీద కన్నేసి ఉంచండి.

మూడోవరస:
సావిత్రిని కాసేపు వదలండి సార్, బలగం (2023) చూడండి. విందులో నల్లి బొక్క (మూలుగుండే ఎముక) దగ్గర బావాబావమరుదులకు మాటామాటా పెరిగి ఏళ్ళతరబడి రాకపోకలు బంద్. ఇంటి పెద్దాయన పోతే పిండం పెడతారు, కాకి ముట్టదు. అంతే కథ. చివర్లో బుడగజంగాల పాట వచ్చేసరికి నాలాంటి వాడు కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కమెడియన్‌గా తెలిసిన వేణు తీశాడంటే మొదట నమ్మలేదు.

రెండోఆట:
పాతరీలు గారూ, పుట్టుమచ్చ సంగతి ముందే చెప్పేసి అన్యాయం చేశారు. సినిమా అంతా సావిత్రి కాళ్ళే చూస్తూ కూర్చున్నా.

అయినా మిస్సమ్మ ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు. మేరీ దాదాపు సినిమా అంతా చిరాకుగానే ఉంటుంది, అయినా ఆమె మీద మనకు చిరాకు రాదు. ఎన్టీఆర్ గొంతు పెంచకుండా సర్దుకుపోతుంటాడు, ఆయన్ని ఇలా చూడటం నాకు కొత్త. ఇక డిటెక్టివ్‌గా అక్కినేని! అంత పేరున్న హీరో ఇలా నవ్వులపాలయ్యే వేషం ఒప్పుకున్నాడంటే ముచ్చటేసింది. రెండో సగంలో కాస్త సాగింది, అది మాత్రం నిజం.

బలగం ఇంకా పెట్టలేదు. మా బావ వచ్చే వారం దిగుతున్నాడు. ఆయన ఉండగా చూడాలా, వెళ్ళాక చూడాలా అన్నదే టెన్షన్.

మూడోవరస:
ఉండగానే చూడండి. ఆ రోజు మటన్ మాత్రం వండించకండి.