మందను విచారణ చేయాలా, పైవిచారణ చేయాలా?

కావలి: పేతురు మొదటి పత్రికలో "దేవుని మందను ... విచారణ చేయుచు దానిని కాయుడి" అని ఉంది కదా. విచారణకు ముందు "పై" ఉందా, లేదా? ఆదివారం పూజ అయ్యాక మా విచారణ (అంటే పారిష్, మా గుడి పరిధి) జమాఖర్చులు చదువుతారు, బోర్డు మీద ఈ మాట రాయించాలి. పెయింటరు వచ్చి కూచున్నాడు.

ఒంగోలు: ఉంది. ఐదో అధ్యాయం, రెండో వచనం. "పైవిచారణ చేయుచు". దానికి ముందే "దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతోను". ఇది మా బాప్టిస్టులు చదివే పాత అనువాదం, మీ కతోలిక అనువాదం వేరు. వెల్లంపల్లి దగ్గర 1878లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన జిల్లా మాది, కంఠతా దగ్గర మాతో పోటీకి రాకండి :)

కావలి: మా ఫాదర్ "గృహనిర్వాహకత్వం" (అప్పగించినదాన్ని బాధ్యతగా చూసుకోవడం) అని రాయమన్నారు. అది రాస్తే బోర్డు చాలదన్నా.

మూలాపేట: గ్రీకులో "ఎపిస్కొపూంతెస్". ఎపి అంటే పైన, స్కొప్ అంటే చూడటం. బిషప్ అన్న మాటా అక్కడిదే. అనువాదకుడు ఆ "ఎపి"ని వదల్లేక "పై" తగిలించాడు. అసలు సంగతి వినండి: బైబిలు పాత గ్రీకు చేతిరాత ప్రతులున్నాయి కదా, వాటిలో సీనాయి ప్రతి మొదటి రాతలోనూ (తర్వాత దిద్దకముందు), వాటికన్ ప్రతిలోనూ ఆ మాటే లేదు. మీరు "పై" కోసం కొట్టుకుంటున్నారు!

కందుకూరు: "పై" వద్దు. పై అంటే పెత్తనం. విచారించడమంటే మంచీచెడూ కనుక్కోవడం. సత్రాలకీ గుళ్ళకీ విచారణకర్తలు ఉండేవాళ్ళు కాదూ? కతోలికులు పారిష్‌కి విచారణ అని పెట్టుకున్నది అందుకే, "పై" కావాలనే తీసేసి.

ఒంగోలు: కావాలనే తీసేశారనడానికి ఆధారం? విచారణ అంటే నాకు కోర్టే గుర్తొస్తుంది.

గూడూరు: పై ఉంటే ఏంది, లేకుంటే ఏంది? తిరుసభ (కతోలిక చర్చి) చట్టం 537 ప్రకారం ప్రతి విచారణకీ ఆర్థిక మండలి ఉండి తీరాలి. 1287 ప్రకారం విశ్వాసులిచ్చిన కానుకలకు విశ్వాసులకే లెక్క చెప్పాలి. ఉపదేశికి (ఊళ్ళో మతబోధ చేసేవాడికి) ఎంత ఇచ్చారు, సబ్‌స్టేషన్లకు (విచారణ కింది చిన్న ఊళ్ళ గుళ్ళకు) పోయిరావడానికి ఎంతైంది, అన్నీ గట్టిగా చదవండి. జనం బోధకుల కన్నా సాక్షుల మాటే వింటారని ఆరవ పౌలు పోపుగారు 1975లోనే రాశారు. మా పక్క పల్లెల్లో కొత్తగా వేదంలోకి (క్రైస్తవంలోకి) వచ్చినవాళ్ళు కానుక డబ్బు ఎటు పోతోందనే ముందు అడుగుతారు. దానికి నీళ్ళు నమిలితే ఇక సువార్త ఎవరికి చెబుతాం?

మూలాపేట: మంద అన్నారు గనక, ఆలమందల యాదవ వీరుడు కాటమరాజుని తలుచుకోవద్దూ? పుల్లరి (మేత పన్ను) లెక్క తెగకనే కదా యుద్ధమై నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన ప్రాణం పోయింది.

కందుకూరు: ఖడ్గతిక్కన సరే, భారతం తెనిగించిన తిక్కన సోమయాజిని చూడండి సామీ. విరాటుడి ఆలమందల మీద విచారణ ఎవరిది? తంత్రీపాలుడన్న పేరుతో సహదేవుడిది. ధర్మరాజు ఆవుల లెక్క చూసినవాణ్ణని చెప్పుకునే కదా కొలువులో చేరాడు! నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రిత్వం చేసిన మనిషి గనక తిక్కనకు ఆ ఉద్యోగపు భాష నోటికొచ్చు.

కావలి: అన్నా, కతోలిక అనువాదం ఎవరి దగ్గరన్నా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి. పెయింటరు రోజు కూలి అడుగుతున్నాడు.

ఒంగోలు: సహదేవుడి మాటలు తిక్కనలో పద్యమా, వచనమా?

కందుకూరు: రెండూ ఉన్నట్టు గుర్తు. రాత్రికి విరాటపర్వం తీస్తా.

మూలాపేట: తియ్యండి. అందులో "పై" కనిపిస్తే మాత్రం దాచొద్దు.