అప్‌డేట్: పన్ను తీసిన ఖాళీ మూసుకుంటోంది

క్లిప్పుల కోసం మా అమ్మాయికి పై ప్రీమోలార్లు (కోరపళ్ళకు, దవడ పళ్ళకు మధ్య ఉండే పళ్ళు) తీయించాక ఆ ఖాళీ ఎంతకీ మూసుకోవడం లేదని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు కదలిక మొదలైంది, చాలా సంతోషంగా ఉంది!

డాక్టర్ గారు పళ్ళను దగ్గరకు లాగే రబ్బరు చెయిన్ తీసేసి నికెల్-టైటానియం స్ప్రింగ్ పెట్టారు. చెయిన్ బలం మొదటి రోజు నుంచే తగ్గుతుందట, స్ప్రింగ్ మాత్రం వారాల తరబడి దాదాపు ఒకేలా లాగుతుంది. ఇలా లాగేటప్పుడు దవడ పళ్ళు కూడా ముందుకు జరిగిపోతే, ముందు పళ్ళు వెనక్కి వెళ్ళే చోటే ఉండదు. అందుకని ఎముకలో చిన్న స్క్రూ వేసి, దాన్ని ఆధారం చేసుకున్నారు. నేను టెన్షన్ పడ్డాను గానీ, మత్తు ఇచ్చి కాసేపట్లో వేసేశారు.

నెలకు సుమారు 1 మి.మీ. కదిలితే మంచి వేగమేనట. గట్టిగా లాగితే వేర్లకు ప్రమాదం, కాబట్టి త్వరగా చేయమని డాక్టర్‌ని తొందరపెట్టకండి. స్క్రూ చుట్టూ మెత్తటి బ్రష్‌తో రోజూ శుభ్రం చేయించండి, అక్కడ చిగురు వాస్తే స్క్రూ వదులయ్యే అవకాశం ఉంది.