కేయూ (వరంగల్ కాకతీయ యూనివర్సిటీ)లో పీజీ: ఏ కాలేజీ, ఏ సీటు, ఫీజు సంగతేంటి?

ప్రశ్న (నర్సంపేట బీజెడ్‌సీ)
బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్. కేయూలో పీజీ చేయాలని ఉంది. ఒకరు సుబేదారి పొమ్మంటారు, ఇంకొకరు విద్యారణ్యపురి అంటారు, వేరొకరేమో ప్రైవేటు కాలేజీ కూడా కేయూదే అంటారు. ఇందులో ఏది నిజం? బీజెడ్‌సీతో ఏమేం రాయొచ్చు? ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా? సీటు రాకపోతే దూరవిద్యలో చేరొచ్చా అన్నా?

జవాబు (హన్మకొండ చౌరస్తా)
మూడూ నిజమే తమ్ముడూ, అందుకే అందరూ ఆగమవుతారు. మొదట ఇక్కడ ఉన్నది ఉస్మానియా వాళ్ల పీజీ సెంటర్. 1976 ఆగస్టు 19న అది కాకతీయ విశ్వవిద్యాలయమైంది. విద్యారణ్యపురిలో ఉన్నది మెయిన్ క్యాంపస్. సైన్స్, ఆర్ట్స్, కామర్స్, ఫార్మసీ విభాగాలు అక్కడే. సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ కూడా యూనివర్సిటీ సొంతదే. ఖమ్మంలో కూడా యూనివర్సిటీ పీజీ కాలేజీ ఉంది. ఇవిగాక అనుబంధ ప్రైవేటు కాలేజీలు వేరే. వాటిలో చదివినా పట్టా మీద కేయూ పేరే ఉంటుంది గానీ ల్యాబులు, లైబ్రరీ, పాఠం చెప్పే సార్లు ఆ కాలేజీవాళ్లే.

'కాకతీయ' అని పేరుంటే చాలు కేయూదే అనుకోవద్దు. కాకతీయ మెడికల్ కాలేజీ ఇప్పుడు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద ఉంది. కిట్స్ (కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్) ప్రైవేటు కాలేజీ, కేయూకు అనుబంధం మాత్రమే. ఎన్‌ఐటీ కేంద్రానిది, దానికీ కేయూకూ సంబంధం లేదు. కరీంనగర్ వైపు కాలేజీలు 2008లో వచ్చిన శాతవాహన యూనివర్సిటీవి. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ మొన్నటిదాకా కేయూదే, ఇప్పుడది ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది.

కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో కాలేజీలు, కోర్సులు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ఒకే కాలేజీలో ఒకే కోర్సు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకటి రెగ్యులర్, ఒకటి సెల్ఫ్ ఫైనాన్స్ (విద్యార్థుల ఫీజులతోనే నడిచేది). క్లాసురూము ఒకటే అయినా ఫీజుల్లో చాలా తేడా. కాలేజీ పేరు ఒక్కటే చూసి నొక్కితే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వచ్చి కూర్చుంటుంది. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందు ప్రతి వరుసలో కాలేజీ, కోర్సు, సీటు రకం, ఫీజు నాలుగూ చదవాలి.

జవాబు (కేయూ క్రాస్)
కాలేజీకెళ్లి చదివే ఎంఏ, ఎమ్మెస్సీ, ఎంకాం అన్నింటికీ సీపీగెట్ (రాష్ట్ర యూనివర్సిటీల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) ఒక్కటే దారి. ఆ ఒక్క ర్యాంకుతోనే ఉస్మానియా, శాతవాహన, తెలంగాణ, పాలమూరు యూనివర్సిటీలకు కూడా ఆప్షన్ పెట్టుకోవచ్చు. పరీక్ష కంప్యూటర్ మీద, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు.

బీజెడ్‌సీతో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ రాయొచ్చు. అదనపు ఫీజు కడితే ఒకటికన్నా ఎక్కువ సబ్జెక్టులు రాయనిస్తారు. కెమిస్ట్రీకి పోటీ ఎక్కువ, ఎంపీసీ వాళ్లూ అందులోకే వస్తారు. అది ఒక్కటే నమ్ముకోకుండా బోటనీయో జువాలజీయో కలిపి రాయడం మేలు.

ఎంబీఏ, ఎంసీఏకి ఐసెట్, ఎం.ఫార్మసీకి పీజీఈసెట్, లాకు లాసెట్, బీఈడీకి ఎడ్‌సెట్. వాటి కౌన్సెలింగులు వేరు, తేదీలూ వేరు.

మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చలేదని ఊరికే వదిలేయడం పెద్ద తప్పు. గడువులోగా ఫీజు కట్టి రిపోర్ట్ చేయకపోతే అది రద్దవుతుంది. రెండో విడతలో ఏమొస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదట వచ్చింది పట్టుకొని రెండో విడతకు పైన ఉన్న ఆప్షన్లు మాత్రమే పెట్టుకో. రెండోదాంట్లో సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. అందుకే నిజంగా చేరాలనుకున్నవే పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు
మరి రీయింబర్స్‌మెంట్ అన్నా? ఐదో సెమిస్టర్‌లో ఒక పేపర్ ఉండిపోయింది.

జవాబు (హన్మకొండ చౌరస్తా)
ముందు ఆ పేపర్ తీసెయ్. ఫైనలియర్‌లో ఉండి సీపీగెట్ రాయొచ్చు గానీ, సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాటికి అన్ని సెమిస్టర్లూ పాసైన మెమోలు చేతిలో లేకపోతే ర్యాంకు ఎంతున్నా పని జరగదు.

రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. ఎస్సీ, ఎస్టీలకు ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపుండాలి. బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మీసేవ నుంచి ఆదాయ పత్రం, కుల పత్రం ముందే తీసి పెట్టుకో. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోతే మంజూరైన డబ్బు కూడా జమకాదు. హాజరు 75 శాతం తగ్గినా ఆగుతుంది. స్పాట్ అడ్మిషన్‌లో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో) చేరినవాళ్లకు ఇది వర్తించదు, మొత్తం ఫీజు మనమే కట్టుకోవాలి.

జవాబు (సుబేదారి)
దూరవిద్య గురించి ఎవరూ చెప్పలేదు. కేయూ దూరవిద్య కేంద్రంలో సీపీగెట్ లేకుండా చేరొచ్చు. ఆర్ట్స్, కామర్స్ సబ్జెక్టులకు అది మంచిదే, పట్టా విలువలో తేడా లేదు. కానీ జువాలజీ లాంటి ల్యాబ్ సబ్జెక్టుకు దాని మీద ఆశ పెట్టుకోకు. డబ్బు కట్టే ముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ అనుమతి ఉందో లేదో చూడాలి. 2024 నుంచి చేరేవాళ్లు డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబర్) కూడా తీసుకోవాలి, దానికి ముందు ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ ఉండాలి.

ఇంకో మాట. నీ డిగ్రీ కేయూదే అయితే కేయూలో చేరడానికి మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీకి మారేటప్పుడు పాతది ఇచ్చే పత్రం) అక్కర్లేదు. ఉస్మానియాలో సీటొస్తే మాత్రం కావాలి. పరీక్షల విభాగంలో దానికి ముందే అప్లై చేసి పెట్టుకో.