సగటు మార్కుల అమ్మాయికి యూదు విద్యార్థులు ఎక్కువగా ఉండే కాలేజీ చెప్పగలరా?

మేం న్యూజెర్సీలో ఉంటాం. మావారు యూదు మతస్థులు, మాది రిఫార్మ్ (యూదుల్లో ఉదారవాద శాఖ) సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం. అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి, జీపీఏ 3.0. మేరీలాండ్, బింగమ్‌టన్‌లలో యూదు విద్యార్థులు చాలామందే ఉంటారు గానీ ఈ మార్కులకు సీటు కష్టం. టౌసన్, అరిజోనా యూనివర్సిటీ చూస్తున్నాం.

హిల్లెల్ (యూదు విద్యార్థుల సంఘం) ఉందని వెబ్‌సైట్‌లో రాస్తే సరిపోదు కదా. శుక్రవారం రాత్రి షబ్బాత్ (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) భోజనానికి పిల్లలు నిజంగా వస్తారా? యోమ్ కిప్పుర్ (యూదుల పవిత్ర ఉపవాస దినం) రోజు పరీక్ష పడితే వాయిదా ఇస్తారా?

నా అసలు టెన్షన్ వేరు. యూదుల్లో నియమాలు కఠినంగా పాటించే ఆర్థడాక్స్ సంప్రదాయంలో తల్లి యూదు అయితేనే బిడ్డని యూదుగా లెక్కిస్తారు. నేను తెలుగు హిందువుని. బాత్ మిత్స్వా (యుక్తవయసు యూదు అమ్మాయిలకు చేసే మత వేడుక) చేసుకున్న పిల్లని అక్కడెవరైనా పరాయిదానిలా చూస్తే తట్టుకోలేదు. ఇలాంటి కుటుంబాల పిల్లలు కలిసిపోయిన కాలేజీలు, చదువులో ట్యూటరింగ్ సాయం కూడా దొరికేవి, మీకు తెలిస్తే దయచేసి చెప్పండి.